చిన్ పాలనా, హాన్ పాలనా: సామాన్య రైతుకు ఏది మేలు?

ప్రాచీన చైనాను ఒకదాని తర్వాత ఒకటిగా ఏలిన రెండు రాజవంశాల్లో, ముందుదైన చిన్ అంటే క్రూరత్వం, తర్వాతిదైన హాన్ అంటే దయ అని తేల్చేయడం మామూలే. ఆ తీర్పు చాలావరకు హాన్ కాలంలో రాసిన చరిత్రల నుంచి వచ్చింది. 1975లో హుబే రాష్ట్రంలోని యున్‌మెంగ్ దగ్గర, షుయిహుది అనే చోట, క్రీ.పూ. 217 ప్రాంతంలో చనిపోయిన ఒక స్థానిక అధికారి సమాధి బయటపడింది. అందులో వెయ్యికి పైగా వెదురు బద్దల మీద రాసిన చిన్ చట్టాలు, పత్రాలు ఉన్నాయి. వాటిని చూశాక ఆ తీర్పును సరిదిద్దుకోక తప్పదు.

ఆ చట్టాలు పొలం గట్టు దాకా వస్తాయి. ఒక మూ (నాటి నేల కొలత) విస్తీర్ణానికి వరి విత్తనం ఎంత, గోధుమ ఎంత అన్నది రాసి ఉంటుంది. వాన కురిస్తే ఎంత పైరుకు మేలు జరిగిందో అధికారి లిఖితపూర్వకంగా పైకి తెలపాలి. సర్కారీ ఎద్దు దున్నీ దున్నీ చిక్కిపోతే, దాని చుట్టుకొలత తగ్గిన ప్రతి అంగుళానికీ కాపరికి పది దెబ్బలు.

క్రీ.పూ. 209లో చెన్ షెంగ్ అనే రైతుకూలీ 900 మందితో చిన్ మీద తిరగబడింది, పిలిచిన చోటికి ఆలస్యమైతే మరణశిక్ష తప్పదనే అని హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. ఈ బద్దల్లో మాత్రం వెట్టికి 3 నుంచి 5 రోజులు ఆలస్యమైతే చీవాట్లు, 6 నుంచి 10 రోజులైతే ఒక డాలు ఖరీదు జరిమానా, 10 దాటితే ఒక కవచం ఖరీదు. వానలు అడ్డుపడితే ఆ పిలుపే రద్దు. చెన్ షెంగ్ వాళ్లు వెళ్తున్నది సరిహద్దు కాపలాకు కాబట్టి సైనిక నిబంధన వేరుగా ఉండి ఉండవచ్చు. ఏమైనా, రైతు నడుము విరిచింది రాతలోని శిక్షల కన్నా పని భారమే అని నా అభిప్రాయం. చిన్ మొదటి చక్రవర్తి సమాధికీ, అతని అఫాంగ్ రాజభవనానికీ కలిపి 7 లక్షల మంది శిక్షపడ్డవారిని పనిలో పెట్టారని అదే సిమా చియెన్ చెబుతాడు. దానికి తోడు ఐదేసి ఇళ్ల జట్లు: పక్కింటివాడి నేరం చెప్పకపోతే నీకూ శిక్షే.

హాన్ ఈ యంత్రాంగాన్ని కూల్చలేదు. జిల్లాలు, జనాభా పట్టీలు, చట్టాల్లో అధిక భాగం అలాగే ఉంచుకుంది. సగానికి పైగా దేశాన్ని బంధువుల సామంత రాజ్యాలకు పంచి, క్రీ.పూ. 154లో ఏడు రాజ్యాల తిరుగుబాటుతో ఆ ఫలితం అనుభవించింది. క్రీ.పూ. 167లో అంగచ్ఛేద శిక్షలు ఎత్తేసి, ముక్కు కోయడానికి బదులు 300 దెబ్బలు, ఎడమ పాదానికి బదులు 500 దెబ్బలు అన్నారు. దెబ్బలకే మనుషులు చచ్చిపోతుంటే హాన్ చక్రవర్తి జింగ్ ఆ సంఖ్యను రెండుసార్లు తగ్గించాడు. తప్పు కనబడితే దిద్దుకునే ఈ గుణం చిన్‌లో లేదు; హాన్ వైపు మొగ్గడానికి నాకు ఇదే మొదటి కారణం.

పన్ను దగ్గరే జాగ్రత్తగా చూడాలి. క్రీ.పూ. 156 నుంచి భూమి శిస్తు పంటలో 30వ వంతు. 100 మూ పొలంలో 100 శీల (శీ అంటే ధాన్యపు కొలత) ధాన్యం పండితే మూడు శీల పైచిలుకు, అంతే. కానీ తలపన్ను నాణేల్లో కట్టాలి: పెద్దలకు 120, ఏడేళ్లు నిండిన పిల్లలకు 20. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు ఉంటే 300 నాణేలు. శీ ధర 30 నాణేలు పలికిందనుకుంటే పది శీలు అమ్మాలి, అంటే శిస్తుకు మూడు రెట్లు. కోతల వేళ అందరూ ఒక్కసారే అమ్ముతారు, ధర పడిపోతుంది. హాన్ కొలువులోని అధికారి చావో త్సువో చక్రవర్తికి పెట్టిన విజ్ఞప్తిలో మొరపెట్టుకుంది ఇదే: సగం ధరకు అమ్ముకోవడం, అమ్మడానికేమీ లేనివాడు రెండింతలు తీర్చే షరతు మీద అప్పు తేవడం, చివరికి పొలాన్నీ ఇంటినీ పిల్లల్నీ అమ్ముకోవడం.

పొలం పోయాక 30వ వంతు శిస్తు వల్ల లాభం భూస్వామికే. అతను ప్రభుత్వానికి ముప్పైలో ఒకటి కట్టి, కౌలుదారు దగ్గర సగం పంట తీసుకుంటాడు. అందుకే సొంత పొలం నిలబెట్టుకోగలిగిన కుటుంబానికి హాన్ మేలు అంటాను. కౌలుకు దిగినవాడికి ఆ మాట చెప్పలేను. క్రీ.శ. 9లో హాన్ సింహాసనాన్ని ఆక్రమించిన వాంగ్ మాంగ్ భూమంతా రాజుదేనని ప్రకటించి అమ్మకాలు నిషేధించాడు. మూడేళ్లకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.