తోతాపురి రంగు పట్టిన చాకు: ఒపినెల్‌తో ఆరేళ్లు

కొత్తలో ఈ చాకు బ్లేడు స్టీలు గిన్నెలా తెల్లగా ఉండేది. ఇప్పుడు ఎండలో అటూ ఇటూ తిప్పి చూస్తే మొన దగ్గర ముదురు నీలం, మధ్యలో బూడిద రంగు, పిడి వైపు ఒకచోట నెమలి మెడ మీద కనబడే ఊదా. ఆ రంగు ఎవరూ వెయ్యలేదు. దామలచెరువు దగ్గర మా తోటలో కాసిన తోతాపురి కాయలే వేశాయి. ఆరేళ్లకు పైగా జేబులో పెట్టుకుని తిరిగాక ఈ చాకులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ రంగే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

నాది ఒపినెల్ అనే ఫ్రెంచి కంపెనీ మడత చాకు, సైజు ఏడో నంబరు. కార్బన్ స్టీలు బ్లేడు, బీచ్ అనే యూరప్ చెట్టు చెక్కతో చేసిన పిడి. కొలతలూ బరువూ ఎక్కడ వెతికినా దొరుకుతాయి, వదిలేస్తున్నా. 2019 ఎండాకాలంలో మా బావమరిది ఫ్రాన్స్ నుంచి తెచ్చాడు. నా చేతికి ఇవ్వబోతుంటే అమ్మ ఆపి, టేబుల్ మీద పెట్టించి, అక్కడి నుంచి నన్ను తీసుకోమంది. కత్తి చేతి నుంచి చేతికి మారితే తగాదాలొస్తాయని మా ఇంట్లో ఇప్పటికీ పట్టింపే.

మొదటి పది రోజులు నిజానికి నచ్చలేదు. పచ్చి మామిడికాయ కోస్తే ముక్కల అంచులు నల్లబడేవి. ఉప్పూకారం అద్దుకుని నోట్లో పెట్టుకుంటే ఇనుప చువ్వ నాకినట్టు రుచి. మా అమ్మాయి ఒక్క ముక్క తిని పళ్లెం పక్కకు తోసేసింది. స్టెయిన్‌లెస్‌ది తెమ్మని ఉంటే బాగుండేదే అనుకున్నాను.

జూన్‌లో తోటకు వెళ్లాక కథ మారింది. కోతకు ముందు కాయ పక్వానికి వచ్చిందా లేదా అని చెట్టుకు ఒకటి రెండు కాయలు కోసి చూస్తాం. టెంక చుట్టూ కండ పసుపు తిరిగి ఉంటే గుజ్జు ఫ్యాక్టరీకి తోలొచ్చు, ఇంకా తెల్లగా ఉంటే ఆగాలి. ఆ వారమంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే చాకు. పులుపూ సొనా బ్లేడు మీదే ఆరిపోయేవి, పంచె కొంగుతో తుడిచి మళ్లీ జేబులో వేసుకునేవాణ్ణి. ఒకరోజు సాయంత్రం బోరు దగ్గర కడుగుతుంటే బ్లేడు మీద ఏటవాలుగా నీలం చార కనబడింది. మరక అనుకుని గోటితో గీకాను, పోలేదు. చెట్టు సందుల్లోంచి పడుతున్న ఎండలో తిప్పి చూశాను. చార అంచున సన్నగా బంగారు రంగు కూడా ఉంది. చాలాసేపు అక్కడే కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాను.

కత్తుల మీద ఇష్టం ఉన్నవాళ్లు దీన్ని పటీనా అంటారు. ఇనుము మీద పులుపూ వగరూ పనిచేసి కట్టే సన్నని పొర అది. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా రాలుతూ లోహాన్ని తినేస్తుంది. ఈ నల్లపొర అలా కాదు, బ్లేడును అంటిపెట్టుకుని ఉండి కింది లోహాన్ని కాస్తుంది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఉంటుంది కాబట్టి తోటంతా కోసినా ఆ బ్లేడుకు ఈ రంగు రాదు. రెండో ఎండాకాలం వచ్చేసరికి మా చాకుతో కోసిన ముక్కలు నల్లబడటం తగ్గింది, ఇనుప రుచి పోయింది. మా అమ్మాయి ఇప్పుడు అడిగి మరీ కోయించుకుంటుంది. అమ్మ ఒకసారి చేతిలోకి తీసుకుని, "మన కత్తిపీట గూడా ఇట్లే ఉండేది గదరా" అంది. అవును, మా జేజి కత్తిపీట అలుగు కూడా ఇదే రంగు. చిన్నప్పుడు అది మురికి అనుకునేవాణ్ణి.

పదును గురించి రెండు మాటలు చాలు. ఇంట్లో ఉన్న సానరాయి మీద పది నిమిషాలు నూరితే పేపరు చప్పుడు లేకుండా తెగుతుంది. రాయి దగ్గర లేనప్పుడు పింగాణీ కాఫీ కప్పు బోర్లించి, అడుగున ఉండే గరుకు అంచు మీద నాలుగుసార్లు లాగితే సరిపోతుంది.

ఇక అసలు కష్టం. 2021 నవంబరు 18. ఆ రోజు తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. కొండ మీది నీళ్లు కపిలతీర్థం దగ్గర విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్డు మీద చరియలు పడ్డాయి, మెట్లదారి మూసేశారు. మాది పల్లపు వీధి, కింది అంతస్తు. చీకటి పడేసరికి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. బియ్యం, అమ్మాయి పుస్తకాలు, గ్యాస్ సిలిండరు మేడ మీదికి చేర్చే హడావుడిలో చాకు గుర్తుకే రాలేదు. అది బీరువా అడుగు సొరుగులో ఉంది. మూడో రోజు నీళ్లు తీసేశాక సొరుగు లాగితే సగానికి బురద.

చాకు దొరికింది గానీ తెరుచుకోలేదు. చెక్క నీళ్లు తాగి ఉబ్బి, బ్లేడును రెండు వైపులా కరిచి పట్టుకుంది. గోరు పెట్టి లాగితే గోరు విరిగింది తప్ప బ్లేడు కదల్లేదు. రింగు తిప్పబోతే లోపల ఇసుక కరకరలాడింది. ఆ రింగు గురించి నేను ఎంతమందికి గొప్పగా చెప్పానో. 1955లో కంపెనీ పెట్టిన జోసెఫ్ ఒపినెల్ కొడుకు మార్సెల్ కనిపెట్టిన తాళం అది, ఒక్క తిప్పుతో బ్లేడు బిగుసుకుంటుంది, 2000 నుంచి మూసి ఉన్నప్పుడు కూడా బిగించుకోవచ్చు. మంచి ఏర్పాటు, ఆ మాట ఇప్పటికీ అంటాను. బురదలో మూడు రోజులు నానితే మాత్రం ఏ తాళమైనా ఏం చేస్తుంది.

ఎండలో పెడితే చెక్క పగులుతుందని నాలుగు రోజులు ఫ్యాన్ కింద పెట్టాను. రింగు ఎలాగో తిరిగింది. బావమరిదికి ఫోన్ చేస్తే, పిడి చివర మూలను గట్టి చెక్క మీద టక్కున కొట్టమన్నాడు. ఫ్రాన్స్‌లో ఒపినెల్ పుట్టిన సవాయ్ ప్రాంతంలో బ్లేడు ఇరుక్కుంటే అలాగే కొడతారట, ఆ దెబ్బకు వాళ్ల పేరే ఉందట. గడప మీద కొట్టాను. నాలుగో దెబ్బకు బ్లేడు వీపు గింజంత పైకి లేచింది. పట్టుకుని లాగాను. బ్లేడంతా ఎర్రగా ఉంది. రెండేళ్ల నీలం ఎక్కడా కనబడలేదు. ఇంట్లో చాలా సామాను పోయింది, ఒక చాకు కోసం బాధపడే సమయం కాదని తెలుసు. అయినా గొంతుకు అడ్డం పడింది.

అమ్మ చూసింది. "ఏందిరా, ఇట్ల అయిపాయ. నాకియ్యి" అని, చింతపండు తడిపి బ్లేడుకు పట్టించి కాసేపు వదిలేసింది. ఇటుక ముక్క మెత్తగా నలిపి, కొబ్బరి పీచు తీసుకుని మెట్ల మీద కూర్చుని తోమడం మొదలుపెట్టింది. కత్తిపీట తోమినట్టే, బ్లేడును కాలి బొటనవేలి పక్కన ఆనించి, ఒకే దిక్కుకు. ఎర్రనీళ్లు మెట్టు మీద కారుతున్నాయి. పావుగంట తర్వాత పిడి దగ్గర మొదట కిరీటం, తర్వాత దాని కింద మూడు వేళ్లు ఎత్తిన చెయ్యి బయటపడ్డాయి. "దేవుడి చెయ్యి మాదిరి ఉండాదే" అంది. నిజంగా అది దీవించే చెయ్యే. 1909లో జోసెఫ్ ఒపినెల్ ఎంచుకున్న ముద్ర, క్రైస్తవులు కొలిచే సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చెయ్యి. అమ్మకు చెబితే చీర కొంగుతో ఇంకోసారి తుడిచి నాకిచ్చింది. ఈసారి నేరుగా చేతికే ఇచ్చింది.

రింగులో ఇసుక పోవడానికి కొబ్బరి నూనె, పాత టూత్‌బ్రష్, రెండు ఆదివారాలు పట్టింది. మొన దగ్గర ఆవగింజంత గుంట మాత్రం ఉండిపోయింది, ఎంత నూరినా పోదు. పొర బ్లేడును కాస్తుందని పైన రాశాను గదా, అది పండు పులుపు వరకే. నిలిచిన నీళ్ల ముందు ఆగదు. అప్పటి నుంచి వానాకాలంలో వారానికోసారి చుక్క నూనె రాసి, వంటింట్లో పై అరలో పెడుతున్నాను. పిడి కూడా మునుపటిలా లేదు. నవంబరు, డిసెంబరులో బిగుసుకుంటుంది, మార్చికి వదులవుతుంది.

జేబులో పెట్టుకుని తిరగడం గురించి అడుగుతుంటారు. ఆయుధాల నిబంధనల్లో రాసింది 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడుల గురించి, ఇది అందులో సగం కూడా లేదు. అయినా కొండకు వెళ్లే రోజు ఇంట్లోనే పెడతాను. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు అయితే చెక్-ఇన్ లగేజీలోనే.

కొనమంటారా అంటే, నాకు తోట ఉంది, జూన్ వచ్చిందంటే రోజూ పులుపు కోసే పని ఉంది, కోశాక తుడిచే ఓపిక ఉంది. నాకు సరిపోయింది. కోసి అలాగే సింకులో పడేసే ఇల్లయితే ఇదే చాకు స్టెయిన్‌లెస్‌లో వస్తుంది, అది తీసుకోండి, పదును బాగానే ఉంటుంది. మా చెల్లెలు చెన్నైలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది. ఆ ఉప్పుగాలికి కార్బన్ వద్దని, సంక్రాంతికి వచ్చేటప్పుడు దానికి స్టెయిన్‌లెస్‌ది తెమ్మని బావమరిదికి చెప్పాను. నీకేం తేవాలి అన్నాడు. ఏమీ వద్దన్నాను. ఈ జూన్ కోతకు ఆ గుంట చుట్టూ కూడా నీలం పట్టింది.