కొత్త బండికి స్పోక్ చక్రాలా, అలాయ్ చక్రాలా: ఏది మేలు?

దసరాకు ముందు నేను అలాయ్ చక్రాలున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి కొన్నాను. అప్పటి నుంచి చుట్టాల్లోనూ ఆఫీసులోనూ బండి కొనే ఆలోచనలో ఉన్నవారు మైలేజీ తర్వాత నన్ను తప్పకుండా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: సన్నని ఊచలుండే స్పోక్ చక్రాల బండి తీసుకోవాలా, లోహాన్ని ఒకే ముక్కగా పోతపోసిన అలాయ్ చక్రాల బండి తీసుకోవాలా? షోరూములో ఈ ప్రశ్న విడిగా ఎదురుకాదు, రంగు ఎంపికలో కలిసిపోతుంది. 2021 సెప్టెంబరులో కొత్త ఇంజనుతో వచ్చిన క్లాసిక్‌లో డార్క్ అని పిలిచే ముదురు రంగులకు అలాయ్ చక్రాలూ, లోపల ట్యూబు అవసరం లేని ట్యూబ్‌లెస్ టైర్లూ ఇచ్చారు. మిగిలిన రంగుల్లో ఎక్కువ వాటికి స్పోక్ చక్రాలూ ట్యూబు టైర్లూ వచ్చాయి. 2022లో వచ్చిన అదే కంపెనీ హంటర్ 350లోనూ అంతే, రెట్రో రకానికి స్పోక్, మెట్రో రకానికి అలాయ్ ఇచ్చారు. ఎరుపు రంగు నచ్చి డబ్బు కట్టిన మనిషి, తాను ట్యూబు టైరు కూడా ఎంచుకున్నానని మొదటి పంక్చరు నాడు తెలుసుకుంటాడు. అందుకే రంగు చూడటానికి ముందే చక్రం సంగతి తేల్చుకోమని నేను అందరికీ చెబుతున్నాను.

చూపుకు స్పోక్ చక్రమే అందమని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఎడ్లబండి చక్రానికి ఆకులున్నట్టు, సైకిలుకు సన్నని ఊచలున్నట్టు, మనం చిన్ననాటి నుంచి చక్రం అనగానే తలచుకునే రూపం అదే. పండుగ ముందు రోజు మా నాన్నగారు సైకిలును బోర్లించి, కొబ్బరినూనె అద్దిన గుడ్డతో ఒక్కొక్క స్పోకును తుడిచి, చివర్లో పెడల్ తిప్పి వదిలితే, వెనక చక్రం ఎండలో వెండి పళ్లెంలా మెరిసేది. క్లాసిక్‌ను సెంటర్ స్టాండు మీద నిలబెట్టి క్రోము స్పోకుల చక్రాన్ని చేత్తో తిప్పినా ఆ మెరుపే కనిపిస్తుంది. గుండ్రని హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారపు ట్యాంకు, పొడవైన మడ్‌గార్డులు ఉన్న బండికి ఆ చక్రం అతికినట్టు సరిపోతుంది. కేవలం ఈ కారణంతో స్పోక్ బండి కొన్నవారిని నేను తప్పుపట్టలేను.

అయితే ఆ అందానికి చాకిరీ ఉంది. కొత్త స్పోకులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో బరువుకు సర్దుకుని కాస్త వదులవుతాయి కనుక, 500 కిలోమీటర్ల మొదటి సర్వీసులో వాటిని పరీక్షించి బిగించమని మనమే అడగాలి. ఇంటి దగ్గర పరీక్ష చాలా సులువు: చిన్న స్పానరుతో ఒక్కొక్క స్పోకును తాకుతూ పోతే బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వదులైనవాటిని లెక్కకు మించి బిగిస్తే రిమ్ము వంకర తిరుగుతుంది. ఆ పని చేయి తిరిగిన మనిషి చేయాలి, అటువంటివారు ఊళ్లలో తగ్గిపోతున్నారు. వాహన పూజ నాడు చక్రాలకు పెట్టిన పసుపు అలాయ్ మీద నుంచి ఒక్క తడిగుడ్డతో పోయింది కానీ, అదే వారం పూజ చేయించిన మా పెదనాన్నగారి అబ్బాయి బండికి స్పోకు కొసల్లో, స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్ల (నిపుళ్ల) చుట్టూ, అది నెల దాకా పచ్చగా కనిపించింది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో తుప్పు చుక్కలు మొదలయ్యేది కూడా ఆ మూలల్లోనే. ఆదివారం ఉదయం టూత్‌బ్రష్ పట్టుకుని బండి పక్కన కూర్చోవడం కొందరికి సంతోషం, వారికి ఇదేమీ లోపం కాదు.

నా నిర్ణయాన్ని తేల్చింది అందమూ కాదు, చాకిరీ కూడా కాదు. మేకు గుచ్చుకున్నప్పుడు టైరులోంచి గాలి ఎంత వేగంగా పోతుంది, పోయిన తర్వాత ఎవరి సాయం కావాలి అన్న రెండు విషయాలను మిగిలిన అన్నిటికంటే పైన పెట్టుకున్నాను. దానికి ఒక కారణం ఉంది.

నా పాత బండికి స్పోక్ చక్రాలుండేవి. నాలుగేళ్ల కిందట నేనూ మా బావమరిదీ దాని మీద శ్రీశైలం నుంచి హైదరాబాదుకు తిరిగి వస్తున్నాము. దోమలపెంట దాటి నల్లమలలో కొంత దూరం వచ్చాక, వటవర్లపల్లి ఇంకా రాకముందే, ఒక మలుపులో వెనక చక్రం నా అదుపు తప్పి పాములా అటూ ఇటూ ఊగింది. బ్రేకు మీద కాలు వేయకుండా యాక్సిలరేటరు వదిలి, బండిని ఎలాగో రోడ్డు పక్కకు చేర్చేసరికి టైరు పూర్తిగా కూర్చుండిపోయింది. చక్రం ఊగడానికీ టైరు కూర్చోవడానికీ మధ్య గడిచింది కొన్ని క్షణాలే. ఆ దారిలో రాత్రి తొమ్మిదింటికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు. అడవిలో పొద్దుగూకేవేళ ఫోనుకు సిగ్నలు లేకుండా నిలబడటం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. చివరకు ఒక డీసీఎం లారీ డ్రైవరు ఆగి, ముగ్గురమూ కలిసి బండిని పైకెక్కించి మన్ననూరు చేర్చాము. అక్కడి పంక్చరు షాపులో చక్రం ఊడదీసి టైరు విప్పి చూస్తే, ట్యూబుకు మేకు రంధ్రంతో పాటు వాల్వు మొదట్లో చిరుగు పడి ఉంది. గాలి పోయిన టైరు రిమ్ము మీద జారి తిరిగినప్పుడు లోపలి ట్యూబును తనతో లాక్కుపోతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో బిగుసుకుని ఉంటుంది కనుక ట్యూబు అక్కడ తెగుతుంది. ఆ చోట అతుకు నిలవదు. ఆ కొలత కొత్త ట్యూబు షాపులో లేదు. ఆ రాత్రి అక్కడే గడిపి, మర్నాడు అచ్చంపేట నుంచి ట్యూబు తెప్పించుకున్నాము.

ఇది ఆ బండి తయారీలో లోపం కాదు, ట్యూబు టైరు స్వభావమే అంత. స్పోకులను బిగించే నిపుళ్లు రిమ్ములోని రంధ్రాల గుండా వస్తాయి కాబట్టి ఆ రిమ్ము గాలిని ఆపలేదు. గాలిని ఆపేది ట్యూబు ఒక్కటే. ట్యూబుకు చిల్లి పడగానే గాలి టైరుకూ ట్యూబుకూ మధ్య చేరి, వాల్వు రంధ్రం నుంచీ స్పోకుల రంధ్రాల నుంచీ ఒక్కసారిగా బయటికి పోతుంది. అలాయ్ రిమ్ముకు అటువంటి రంధ్రాలు ఉండవు. టైరు అంచు రిమ్ము గాడిలో బిగిసి కూర్చుంటుంది, టైరు లోపల గాలిని పట్టి ఉంచే రబ్బరు పొర ఉంటుంది. మేకు దిగినా ఆ పొర మేకును చుట్టుకుని పట్టుకుంటుంది కాబట్టి, మేకును పీకకుండా ఉంటే గాలి సాధారణంగా గంటల కొద్దీ, కొన్నిసార్లు రోజుల కొద్దీ, కొంచెం కొంచెంగా దిగుతుంది.

కొత్త బండికి సంక్రాంతి దగ్గర్లో ఇదే జరిగింది. ఆదివారం బండి కడుగుతూ వెనక టైరును గుడ్డతో తుడుస్తుంటే, గాడుల మధ్య చిన్న స్క్రూ తల తళుక్కుమంది. సబ్బునీళ్లు చల్లితే దాని చుట్టూ ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా పుట్టాయి. గేజి పెట్టి చూస్తే, అంతకు మూడు రోజుల ముందు పెట్రోలు బంకులో కొట్టించిన గాలిలో నాలుగు పాయింట్లే తగ్గింది. ఆ మూడు రోజులూ నేను ఆ స్క్రూతోనే ఆఫీసుకు వెళ్లి వచ్చాను, బండి నడకలో తేడా ఏమీ తెలియలేదు. చక్రం విప్పలేదు. స్క్రూను కటింగ్ ప్లేయరుతో పీకి, గరగరలాడే సూదిని ఆ రంధ్రంలో నాలుగైదుసార్లు దించి తీసి, జిగురు తాడును సూది కన్నులో పెట్టి లోపలికి నొక్కి, సూదిని ఒక్క ఊపున వెనక్కి లాగి, బయట మిగిలిన కొసలను బ్లేడుతో కోశాను. మళ్లీ సబ్బునీళ్లు చల్లితే బుడగ రాలేదు. పది నిమిషాలు పట్టిందేమో. మన్ననూరులో గడిపిన రాత్రి గుర్తొచ్చి, ఆ పూట నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

అలాయ్‌కు బలహీనతలు లేవని చెప్పడం లేదు. లోతైన గుంతలో వేగంగా పడితే స్పోక్ చక్రం కొంత ఒదిగి దెబ్బను పంచుకుంటుంది. రిమ్ము వంగినా బెండు తీయించి, ఒకటి రెండు స్పోకులు మార్చి మళ్లీ తిప్పుకోవచ్చు. పోతపోసిన అలాయ్ అటువంటి దెబ్బకు పగిలితే దాన్ని మార్చడమే దారి, వెల్డింగ్ చేయించి తిరగమని నేను ఎవరికీ చెప్పను. అంచు కొద్దిగా వంగినా అక్కడి నుంచి గాలి దిగుతూనే ఉంటుంది. గాలి పూర్తిగా పోయి టైరు అంచు గాడి నుంచి జారితే చేతి పంపుతో మళ్లీ ఎక్కించడం దాదాపు అసాధ్యం, కంప్రెషరు ఉన్న షాపు కావాలి. టైరు పక్కగోడ చీలితే తాడు పనికిరాదు. కాబట్టి రోజూ పొలం డొంకల్లో, కంకర తేలిన దారుల్లో తిరిగేవారు, బండి మీద హిమాలయాల్లోని స్పితి, లడఖ్ వెళ్లాలనుకునేవారు, ట్యూబు మార్చడం నేర్చుకుని అదనపు ట్యూబు వెంట పెట్టుకోగలిగితే, స్పోక్ చక్రాలు తీసుకోవడమే సబబు. ఊళ్లోనూ హైవే మీదా తిరుగుతూ, ఇంట్లోవారిని వెనక కూర్చోబెట్టుకుని నెలకు ఒకటి రెండుసార్లు దూరం వెళ్లే నాలాంటివారికి అలాయ్ మేలని నా గట్టి అభిప్రాయం. వెనక మనిషి కూర్చుని ఉన్నప్పుడు చక్రం ఊగితే భయం ఎంతగా పెరుగుతుందో నాకు తెలుసు.

మూడో దారి కూడా ఉంది. 2023 నవంబరులో వచ్చిన అదే కంపెనీ హిమాలయన్ 450 బండికి మొదట ట్యూబు టైర్ల స్పోక్ చక్రాలే ఉండగా, తర్వాత ట్యూబు అవసరం లేని స్పోక్ చక్రాలను కూడా ఐచ్ఛికంగా ఇచ్చారు. కొంటున్న బండికి కంపెనీయే వాటిని ఇస్తుంటే, ధర భరించగలిగినవారు రెండో ఆలోచన లేకుండా తీసుకోవచ్చు. మామూలు స్పోక్ రిమ్ము లోపల టేపూ జిగురూ వేసి ట్యూబ్‌లెస్‌గా మార్చే పని నాకు నమ్మకం కలిగించలేదు. ట్యూబులో పోసే ద్రవం చిన్న చిల్లులకు సరిపోతుంది, అంతకు మించి ఆశించకూడదు. స్పోక్ బండి కొని, తర్వాత అలాయ్ చక్రాలు మార్చుకుందామనుకునేవారు ట్యూబ్‌లెస్ టైర్ల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

మా బావమరిది పోయిన నెల తన కోసం బండి చూడటానికి నన్ను వెంటబెట్టుకుని షోరూముకు వెళ్లాడు. ఎర్ర రంగు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి వెనక చక్రం స్పోకులను చేత్తో తడిమి, "బావా, మన్ననూరు గుర్తుందా?" అన్నాడు. బూడిద రంగు డార్క్‌కు అడ్వాన్సు కట్టి వచ్చాము. దారిలో ఆగి పంక్చరు తాళ్ల కిట్టూ, చిన్న గేజీ, సీటు కింద ఇమిడే గాలి పంపూ కొన్నాము.