తాళం తీసినా ఆగని పవర్ సీటు

ఈ కారు మైలేజీ, ఇంజిన్, టచ్ స్క్రీన్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను చెప్పేది డ్రైవర్ పవర్ సీటు, అంటే మోటారుతో కదిలే సీటు గురించి మాత్రమే. కొని నాలుగేళ్లు దాటింది. నా ఎత్తు ఐదడుగులు. పాత కారులో కింద ఒక దిండు, వీపుకి ఒక దిండు పెట్టుకుని నడిపేదాన్ని. దీంట్లో మీట పైకి లాగితే సీటు లేస్తుంది, బానెట్ అంచు కనిపిస్తుంది. మా ఆయన ఆరడుగుల మనిషి. ఇద్దరం మార్చి మార్చి నడుపుతాం కాబట్టి ఇది నిజంగా వరమే. కొత్తలో స్టాఫ్ రూంలో అందరికీ ఈ సీటు కోసమైనా ఈ కారు కొనమని చెప్పాను.

పోయిన కార్తీకంలో తిరుమల నుంచి దిగుతున్నాం. ఆ వారమంతా ముసురు. దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు కదా, మలుపు మీద మలుపు. నడిపేది నేనే. ఒక మలుపు తిరుగుతుండగా తొడల కింద ఏదో కదిలినట్టు అనిపించింది. క్లచ్ మీద నిండుగా ఉన్న పాదం జారుతూ జారుతూ, చివరికి బొటనవేలు మాత్రమే తగులుతోంది.

"ఏమండీ, సీటు వెనక్కి పోతా ఉంది!" అని అరిచాను. మీట ముందుకు నొక్కినా లాభం లేదు. బ్రేకు అందాలంటే నడుము కిందికి జార్చి స్టీరింగ్ పట్టుకుని వేలాడాలి. రెండో గేరులో దిగుతున్నాం కాబట్టి వేగం పెరగలేదు. మా ఆయన హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ పోయారు. బండి వణికి, పిట్టగోడ పక్కన ఆగిపోయింది.

బండి తాళం చెవి తీసేశాను. సీటు మోటారు మాత్రం గుర్రుమంటూనే ఉంది. కాసేపటికి ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మొదలు! వెనక వచ్చిన జీపు డ్రైవర్ దిగి, డాష్‌బోర్డు కింద మూత తీసి 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు లాగేస్తే గానీ నోరు మూయలేదు. అప్పుడు ఇంకో చిక్కు. ఫ్యూజు లేకపోతే సీటు ముందుకు రాదు, చేత్తో జరపడానికి లివర్ లేదు. మా ఆయన పొడుగు కాబట్టి అలిపిరి దాకా ఆయన దించారు. నేను ఒక్కదాన్నే ఉండుంటే? ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

షోరూంలో సీటు మొత్తం మార్చాలన్నారు. రేణిగుంట రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ స్విచ్ విప్పి చూపించాడు. లోపల రాగి రేకులకు పచ్చగా చిలుము పట్టి, రెండూ అతుక్కుపోయాయి. ఆ స్విచ్ సీటుకి తలుపు వైపున ఉంటుంది. వానలో తలుపు తీసిన ప్రతిసారీ చినుకులు, గొడుగు నీళ్లు దాని మీదే. కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది కాబట్టి తాళంతో పని లేదు. మోటారు వేడెక్కితే దానంతట అదే ఆగి, చల్లారాక మళ్ళీ తిరుగుతుందట. స్విచ్ ఒక్కటి మారిస్తే సరిపోయింది.

నా కోపమంతా ఆ తాళం దగ్గరే. బండి ఆపి పిల్లలను లోపల వదిలినా సీటు కదులుతుంది. వెనక సీటులో పిల్లాడి కాలు అడ్డం ఉన్నా నా కారు సీటు ఆగదు, నొక్కుకుంటూ పోతుంది. కొత్తలో అంత మెచ్చుకున్న ఎత్తు మీట గురించి కూడా ఇప్పుడు ఆచితూచి మాట్లాడుతున్నాను. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ 4 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. ఎత్తు సర్దే పవర్ సీటులో బోల్టు ఊడితే సీటు ఉన్నట్టుండి కిందికి పడిపోతుందని.

అలాగని లివర్ సీటే మేలని గట్టిగా అనలేను. అది సరిగ్గా లాక్ పడకపోతే ఒక్క కుదుపుతో జారుతుంది. ఇది కదిలినా నెమ్మదిగా కదిలింది, అందుకే ఆపుకోగలిగాం. ఇంకొకటి, రిపేరుకి ఇస్తే సీటు కింద పసుపు రంగు కనెక్టర్‌ని బ్యాటరీ తీయకుండా ముట్టుకోనివ్వకండి. అది సైడ్ ఎయిర్‌బ్యాగుది.

ఇంట్లో ఒక్కరే నడిపితే, అందులోనూ ఘాట్ రోడ్డు ఎక్కువగా తిరిగితే, దీనికోసం అదనంగా లక్ష పెట్టమని నేను చెప్పను. మా ఇద్దరి ఎత్తుల తేడాకి మాత్రం ఇది లేకుండా కుదరదు. ఇప్పుడు ఫ్యూజు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ముసురు పట్టిన రోజుల్లో కొండ దిగేటప్పుడు ఆయనే నడుపుతారు.