హెద్ విన్ ఇంటికి, ఆ తర్వాత ఆయన సమాధికి

ఉత్తర వేల్స్ వెళ్ళేవాళ్ళు స్నోడన్ కొండెక్కి, కోటలు చూసి తిరిగొస్తారు. కొంచెం దక్షిణంగా ట్రౌస్‌వనిద్ అనే పల్లె ఉంది. వీలు చేసుకుని అక్కడ ఆగండి. గొర్రెలు కాస్తూ వెల్ష్‌లో కవిత్వం రాసిన ఎల్లిస్ హంఫ్రీ ఎవాన్స్ ఊరది. కలంపేరు హెద్ విన్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జూలై 31న, పాషెన్‌డేల్ పోరు మొదలైన రోజే, బెల్జియంలో పిల్కెమ్ దిబ్బ దగ్గర చనిపోయాడు. అప్పటికి ముప్పై ఏళ్ళు.

ఊరి బయట ఉన్న వాళ్ళ ఇల్లు, అర్ అస్గూర్న్, ఇప్పటికీ గొర్రెలు మేసే పొలం మధ్యే ఉంది. 2012లో జాతీయ ఉద్యానవన సంస్థ కొనేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉన్నది కవి మేనల్లుడు. వచ్చినవాళ్ళకి తలుపు తీసే ఉంచుతానని అమ్మమ్మకి మాటిచ్చాడట, జీవితాంతం నిలబెట్టుకున్నాడు. తమ్ముడు యుద్ధానికి వెళ్ళాల్సి రాకూడదని ఎల్లిస్ సైన్యంలో చేరాడు. దుక్కుల కాలంలో సెలవు మీద వచ్చి, పోటీకి పంపాల్సిన పద్యం చాలావరకు ఈ ఇంట్లోనే రాశాడు.

ఆ పద్యానికి బహుమతిగా గెలిచిన కుర్చీ ఇక్కడే ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆ ఏడాది సెప్టెంబరు 6న ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో జరిగిన ఐస్టెద్‌వోద్ అనే వెల్ష్ సాహిత్య, సంగీత ఉత్సవంలో, విజేత పోటీకి పెట్టుకున్న మారుపేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. యుద్ధంలో పోయాడని చెప్పి కుర్చీకి నల్లగుడ్డ కప్పారు. దాన్ని చెక్కిన యూజీన్ వాన్‌ఫ్లెటరెన్ యుద్ధం వల్ల ఇల్లొదిలి వచ్చిన బెల్జియం శరణార్థి. ఆయన వదిలొచ్చిన దేశపు మట్టిలోనే అప్పటికి కవిని పూడ్చారు.

మాకు ఇల్లు చూపించిన గైడు ఆ ప్రాంతంవాడే. తొందరపెట్టకుండా, అడిగినవాటికల్లా ఓపిగ్గా చెప్పాడు. ఇల్లు ఏ రోజుల్లో తెరుస్తారో ముందే కనుక్కోండి, చలికాలంలో మరీ ముఖ్యం. బస్సులు తక్కువ, కారుంటే సుఖం. బసకి చుట్టుపక్కల చిన్న గెస్ట్‌హౌస్‌లు దొరుకుతాయి. శాకాహారులైతే గది తీసుకునేటప్పుడే చెప్పడం మంచిది.

పల్లె మధ్య కవి విగ్రహం తప్పక చూడండి. 1923లో తల్లే ఆవిష్కరించింది. సైనికుడి దుస్తులు లేవు, గొర్రెల కాపరిగానే నిలబెట్టారు. ఊరు తన బిడ్డని తనకు తెలిసిన రూపంలోనే ఉంచుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఆయన సమాధి చూడడానికి బెల్జియం వెళ్తే, ఈపర్ పట్నం మధ్యలోనే గది తీసుకోండి. కాస్త ఖరీదైనా, రాత్రి 8 గంటలకు మెనిన్ గేటు అనే యుద్ధ స్మారక ద్వారం దగ్గర, చనిపోయిన సైనికుల గుర్తుగా బ్యూగిల్‌తో ఊదే లాస్ట్ పోస్ట్ విని నడిచి వచ్చేయొచ్చు. సమాధి దొరకని 54,000 మందికి పైగా పేర్లు ఆ గోడల మీద ఉన్నాయి, వాళ్ళలో మన భారత సైనికులూ ఉన్నారు. గుండె బరువెక్కుతుంది. కానీ జనం ఎక్కువ, ఒక్క మనిషిని తలుచుకోవడానికి అది చోటు కాదు.

అందుకు బూజింగ దగ్గరున్న ఆర్టిలరీ వుడ్ శ్మశానానికి వెళ్ళాలి. ఈపర్ నుంచి సైకిలు మీద వెళ్ళిపోవచ్చు. ప్రవేశ రుసుము లేదు, గడ్డి శుభ్రంగా కత్తిరించి ఉంటుంది. హెద్ విన్ రాతి మీద కవిగా ఆయన బిరుదు వెల్ష్‌లోనే చెక్కారు. అదే రోజు షెల్ పడి చనిపోయిన ఐర్లండ్ కవి ఫ్రాన్సిస్ లెడ్విజ్ సమాధి కూడా ఇక్కడే ఉంది.

రెండూ చూసే వీలుంటే ముందు ఇల్లు, తర్వాత సమాధి. ఒక్కటే కుదిరితే ఇంటికే వెళ్ళండి.