ఎర్రర్‌లో టైపు పేరు: క్లాంగ్ ఎంతవరకు సాయపడుతుంది?

సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లతో (వేర్వేరు టైపులకు పనికొచ్చేలా రాసే కోడ్ అచ్చులతో) పనిచేసేవారికి కంపైలర్ ఇచ్చే ఎర్రరే మొదటి ఆధారం కనుక, అందులో టైపు పేరు ఎంత స్పష్టంగా కనిపిస్తుందన్న ఒక్క అంశంపైనే క్లాంగ్ అనే కంపైలర్‌ను ఇక్కడ సమీక్షిస్తున్నాను.

టైప్‌డెఫ్ పేరును, అంటే టైపుకు పెట్టుకున్న మారుపేరును, మనం రాసినట్టే ఉంచి, అసలు టైపును పక్కనే విప్పి చూపడం దీని మంచి గుణం. రెండు పొడవైన టెంప్లేట్ టైపులు పొసగనప్పుడు, ఉదాహరణకు మ్యాప్‌లోని వెక్టర్ ఒకచోట ఇంట్‌తో, మరోచోట ఫ్లోట్‌తో ఉన్నప్పుడు, ఉమ్మడి భాగాలను చుక్కలతో కుదించి తేడాను ముందుకు తెస్తుంది. ఆ కుదింపు నచ్చనివారు ఒక ఆప్షన్‌తో దానిని ఆపుకోవచ్చు.

టైపును కంపైలర్‌కే వదిలేసే ఆటో అనే పదం వెనుక ఏ టైపు ఉందో తెలియాలంటే, నిర్వచనం ఇవ్వని క్లాస్ టెంప్లేట్‌కు డిక్ల్‌టైప్‌ను (ఇచ్చిన పేరు లేదా వ్యక్తీకరణ టైపును తెలిపేదాన్ని) అందించి కావాలనే ఎర్రర్ తెప్పించడం పాత చిట్కాయే అయినా, క్లాంగ్ చేతిలో అది చక్కగా పనిచేస్తుంది. రెఫరెన్సునూ పైస్థాయి కాన్‌స్ట్‌నూ వదిలేసి, పైగా ఇంట్‌కు ‘ఐ’ అనే ఒంటి అక్షరం చేతిలో పెట్టే టైప్‌ఐడీ (టైపు సమాచారం ఇచ్చే మరో సాధనం) కన్నా ఇదే నమ్మదగినది.

అసలు లోటు స్టాటిక్ అసర్ట్‌లో (కంపైల్ సమయంలోనే షరతును పరీక్షించి, అది తప్పితే సందేశం చూపే సదుపాయంలో) ఉంది, అయితే ఆ తప్పు భాషా ప్రమాణానిదే. 2011లో వచ్చిన ఈ సదుపాయం చాలాకాలం స్ట్రింగ్ లిటరల్‌ను (కోడ్‌లో నేరుగా కోట్ల మధ్య రాసిన పాఠాన్ని) మాత్రమే సందేశంగా ఒప్పుకుంది. సీ ప్లస్ ప్లస్ 26 కోసం ఆమోదించిన మార్పు వల్ల, కంపైల్ సమయంలో కూర్చిన సందేశాన్ని క్లాంగ్ 17 నుంచి ఇవ్వగలుగుతున్నాం. అయినా టైపు పేరును స్ట్రింగ్‌గా రాబట్టడానికి ప్రెట్టీ ఫంక్షన్ (ప్రస్తుత ఫంక్షన్ పేరును టైపులతో సహా ఇచ్చేది) పాఠంలోంచి ముక్క కోసుకునే పద్ధతిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఆ పాఠం కంపైలర్‌ను బట్టి మారిపోతుంది.