తడి ఇసుకా, పొడి ఇసుకా: రెండేళ్ల గుర్రం కసరత్తుకు ఏది?

విశాఖ ఆర్కే బీచ్ పొడి ఇసుకలో గిట్ట దిగబడుతుంది. ప్రతి అడుగూ పీకి వేయాలి కాబట్టి పిరుదు, తొడ కండరాలకు పని ఎక్కువ. చిక్కంతా అక్కడే: కండ వారాల్లో పుంజుకుంటుంది, కండను ఎముకకు కలిపే టెండన్లు గట్టిపడటానికి నెలలు కావాలి. అలిసిన కాలు తూలిందా, ముంగాలి వెనక టెండన్ వాచిపోతుంది. అందుకే పొడి ఇసుకలో నడక చాలు, అదీ 10 నిమిషాలు.

అల తడిపిన ఇసుకలో శ్రమ తక్కువ, అడుగు నిలకడ. ట్రాట్‌కు, అంటే నడకకూ దౌడుకూ మధ్య పరుగుకు, నా ఓటు దీనికే. కాకపోతే ఒడ్డు నీటివైపు వాలు. ఒకే దిక్కున తోలితే బరువు పల్లంవైపు కాళ్లమీద పడుతుంది. వెళ్లినంత దూరం అదే దారిన వెనక్కి తేవాలి. గిట్ట అచ్చు కూడా పడనంత గట్టిగా ఉంటే అదురంతా ఎముకకే.

మన ఉక్కపోతలో చెమట ఆరదు, ఎండెక్కక ముందే ముగించాలి. మంచినీళ్లతో కాళ్లు కడిగి, మోకాలి కింద చెయ్యి ఆనించి చూడండి. వేడి తగిలితే మర్నాడు సెలవే.