రెండు నిమిషాల వీడియో చూసి పాత హార్డ్ డిస్క్ కొనకండి

పాత పీసీల పిచ్చి ఉన్నవాళ్ళు డబ్బు పంపేముందు ఇది చదవండి. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 20 ఎంబీ ఎంఎఫ్ఎం డ్రైవ్ (80ల నాటి పీసీల హార్డ్ డిస్క్) కొన్నాను, రూ. 6,500. ‘టెస్టెడ్, వర్కింగ్’ అని వీడియో పెట్టాడు. స్విచ్ వేయగానే గుయ్‌మని తిరిగింది, తెర మీద సీ ప్రాంప్ట్ (పీసీ ఆ డిస్క్ నుంచి మొదలైందనే గుర్తు) వచ్చింది, వీడియో అయిపోయింది.

మా ఇంట్లోనూ మొదటి పది నిమిషాలు బంగారంలా నడిచింది. అరగంట దాటాక ‘అబార్ట్, రిట్రై, ఫెయిల్?’ (డిస్క్ చదవలేకపోతే పీసీ అడిగేది) తప్ప ఇంకో మాట లేదు. రాత్రంతా ఆపి పొద్దున్నే వేస్తే మళ్ళీ బంగారం! కేబుళ్ళు మార్చాను, డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ కార్డు మార్చాను. అదే వరస.

సంగతేమిటంటే, 80లలో వచ్చిన ఇలాంటి చౌక డ్రైవ్‌లలో హెడ్లను (డేటా చదివి రాసే భాగాలను) స్టెపర్ మోటార్ అడుగులు లెక్కపెట్టి జరుపుతుంది. ట్రాక్ (డేటా రాసే గుండ్రటి వరస) మీద సరిగ్గా ఉన్నామా లేదా అని చూసుకుని సర్దుకునే ఏర్పాటు వాటికి లేదు. వేడికి లోహం సాగితే హెడ్ ట్రాక్ పక్కకు జరిగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఫార్మాట్ చేసింది వేడిలో చదవలేదు, అందులోనూ మా హైదరాబాద్ మే నెలలో. అందుకే డ్రైవ్‌ని బాగా వేడెక్కనిచ్చి లో-లెవెల్ ఫార్మాట్ (ట్రాకులన్నీ మళ్ళీ కొత్తగా రాయడం) చేయాలంటారు. నేనూ చేశాను. కాస్త కుదుటపడింది గానీ అసలు రంగు అప్పుడే బయటపడింది. పైన స్టిక్కర్ మీద ఫ్యాక్టరీవాళ్ళు రాసిన చెడ్డ ట్రాకులు నాలుగు, నాకు దొరికినవి 60 పైనే. అమ్మకం ఫొటోల్లో ఆ స్టిక్కర్ ఒక్కదాంట్లోనూ లేదు. నేనూ అడగలేదనుకోండి.

ప్యాకింగ్ మరీ ఘోరం, ఒక్క పొర బబుల్ షీట్. ఈ రకం డ్రైవ్‌లలో చాలావాటికి కరెంటు తీయగానే హెడ్లు వాటంతటవే డేటా లేని చోటికి పోయి పార్క్ కావు. పార్క్ ప్రోగ్రామ్ నడిపాకే ఆపాలి. లేదంటే డేటా ఉన్నచోటే ప్లాటర్ (లోపల తిరిగే పళ్ళెం) మీద కూర్చుని దారిపొడుగునా కుదుపులకు గీరుకుంటాయి. పార్క్ చేశావా అంటే ‘అదేంటి సార్?’ అన్నాడు.

కొనేవాళ్ళు గంటసేపు నడిపాక తీసిన సర్ఫేస్ స్కాన్ (డిస్క్ అంతా చదివి చెడ్డచోట్లు వెతికే పరీక్ష) వీడియో అడగండి, స్టిక్కర్ ఫొటో అడగండి. డాస్‌లోని చెక్‌డిస్క్ ప్రోగ్రామ్ ఒక్కటీ చూపిస్తే నమ్మొద్దు, అది ముందే గుర్తు పెట్టిన బ్యాడ్ సెక్టార్లనే లెక్క చెబుతుంది. ఆ చప్పుడు మీద మోజు లేకపోతే పాత పీసీకి కొత్త రకం డిస్కులు కలిపే ఎక్స్‌టీ-ఐడీఈ కార్డుకు ఓ కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు తగిలించుకోండి, సుఖం.

డబ్బు వాపసు అడిగితే ‘పాత సరుకు సార్, గ్యారంటీ ఉండదు’ అన్నాడు. నిన్న ఇంకో డ్రైవ్ అమ్మకానికి పెట్టాడు. సీరియల్ నంబరు వేరు, వీడియో మాత్రం నాకు చూపించిందే.